ఎంబ్రాయిడరీ బామ్మ

మా ఆఫీసులో గ్రాఫు బాబాయిని ఎరగనివాళ్ళు లేరు, ఆయన పక్కన కూర్చుని టీ తాగేవాళ్ళూ లేరు. మా కంప్యూటర్ ప్రోగ్రాములను ఎందరు పెట్టుకున్నారు, ఎందరు తీసేశారు, ఎందరు రోజూ తెరుస్తున్నారు అని గ్రాఫులు గీయడం ఆయన పని. భార్య పోయాక ఆయన మాట్లాడేది ఆ గీతలతోనూ, పక్క సీట్లో ఉన్న పాపానికి నాతోనూ.

ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసే పాత ప్రోగ్రాము ఒకటుంది. జనం ఫోన్లకు ఎగబడ్డాక దాన్ని తెరిచే కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. మాకు కనబడేది నంబరే, మనిషి కాదు. అయినా అదెవరో బామ్మ అని బాబాయి తీర్మానించేశాడు.

"నిన్న రాత్రి కూడా కుట్టిందమ్మాయ్!" అని పొద్దున్నే నాకు వార్త.

ఒకసారి బాబాయి ఆఫీసు పనిమీద ఊరెళ్ళొచ్చి చూస్తే, ఆ రోజుల్లో బామ్మ జాడ లేదు. "ఒంట్లో బాలేదేమో, చూసేవాళ్ళున్నారో లేదో" అంటూ అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు గీత కనబడగానే "హమ్మయ్య!" అని నా చేతిలో చాక్లెట్ పెట్టాడు.

మొన్న మీటింగులో మేనేజరు, "ఒక్కరికోసం ఎందుకండీ? ప్రోగ్రామూ, దాని లెక్కా రెండూ ఆపేద్దాం" అన్నాడు.

"మరి బామ్మ ఏమైపోవాలి సార్?" అన్నాడు బాబాయి.

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బామ్మ ఉందని రుజువు చేసి వీళ్ళ నోళ్ళు మూయించాలనుకున్నాను. బయటివాళ్ళే లెక్కకు రావాలంటే మా సిబ్బంది ఇళ్ళలోని కంప్యూటర్లను ముందే తీసెయ్యాలి. ఈ పాతదానికి ఆ పని ఎవరూ చెయ్యలేదు. నేను చేశాను. గీత మాయమైపోయింది. అంటే ఆ కంప్యూటర్ మా సిబ్బందిలోనే ఒకరిది; బాబాయి ఊళ్ళో లేని రోజులు గుర్తొచ్చాయి.

"బాబాయ్, ఇంట్లో కంప్యూటర్ రోజూ ఆన్ చేస్తారా?"

"ఇంట్లో ఏదో ఒక చప్పుడుండాలిగా అమ్మాయ్. ఏం?"

నా స్క్రీను చూశాడు. గీత లేదు. సంగతి ఆయనకే అర్థమైపోయింది.

"ఆ ప్రోగ్రాము మీ పిన్ని పెట్టుకుంది. ఆన్ చెయ్యగానే అదే తెరుచుకునేలా చేసుకుంది. నేను అదేంటో చూడకుండానే కిందకి తోసేసి పేకాట ఆడుకుంటా" అన్నాడు. "అంటే అప్పుడు జాడ లేదని నేను బెంగపడింది నా గురించేనా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

"పోనీలే. ఆపేయమని సారుకి చెప్పు" అని బ్యాగు తీసుకున్నాడు. లిఫ్టు దగ్గర వెనక్కి తిరిగాడు.

"లెక్క ఆపేస్తే, నేను కంప్యూటర్ ఆన్ చెయ్యని రోజు ఎవరికీ తెలీదు కదమ్మాయ్?"