పట్టు మగ్గానికి ఇనుప కన్నులు

ఒక మగ్గాన్ని, ఒక పెళ్లిచీరను, మేనత్త దగ్గర తనకున్న కాస్త పరువును ఒకే వారంలో పాడుచేసుకోవడం అందరికీ చేతకాదు. నాకు చేతనైంది. మీరు నవ్వండి, అభ్యంతరం లేదు. చెబుతుంటే నాకు మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చేనేతలో డిప్లొమా చేసి, రాజంపేట దగ్గరున్న మా ఊరికి ఏదో దేశాన్ని గెలిచొచ్చినట్టు వచ్చాను. మా లక్షుమ్మత్త చిన్నప్పటి నుంచీ పట్టుచీరలు నేస్తున్న మనిషి. ఆమె మగ్గంలో నా కంటికి ఆనని వస్తువు ఒకటుండేది. అవి హీల్డులు. తెలియనివాళ్లకు చెబుతాను. మగ్గం మీద నిలువుగా సాగే దారాలు పడుగు. అందులో ప్రతి పోగూ ఒక చిన్న కంట్లోంచి దూరాలి. కాలితో పలక తొక్కితే ఆ కన్నులు సగం పోగులను పైకెత్తుతాయి, సందులోంచి అడ్డపోగును మోస్తూ నాడె అటూ ఇటూ పరిగెడుతుంది. ఆ కన్నుల వరసలే హీల్డులు. అత్తవి నూలుదారంతో చేత్తో ముడేసినవి. ఎప్పుడో వాళ్ల అత్తగారు కట్టారట. నల్లబడి, నూనె పట్టి, ముసలాయన గడ్డంలా వేలాడుతుండేవి.

"ఇనుపవి వేసుకుందాం అత్తా. కాలేజీలో అన్నీ అవే" అన్నాను.

"అవి దుప్పట్లు నేసేవాళ్లకురా. పట్టు శానా సున్నితం. కోసుకపోతాది."

నేను తలూపాను. పెద్దావిడ, పాపం, ఏం తెలుసు అనుకున్నాను. ఆ 'పాపం' ఎవరిదో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

అత్త మహానందికి వెళ్లింది, మూడు రోజులకని. మగ్గం మీద ఎర్రపట్టు పడుగు కొత్తగా ఎక్కించి ఉంది. పక్కింటి ఖాజా మామ కూతురు రెహానా పెళ్లిచీర అది. ఖాజా మామ వడ్రంగి, ఊళ్లో మగ్గాలన్నీ ఆయనే బాగుచేస్తాడు. రెహానా చీర తన చేత్తోనే నేస్తానని అత్త ఎప్పుడో మాటిచ్చింది. పెళ్లికి ఇరవై రోజులుంది.

అత్త తిరిగొచ్చేలోగా మగ్గాన్ని కొత్తగా చేసి ఆశ్చర్యపరచాలనుకున్నాను. మూతపడిన ఒక మరమగ్గాల షెడ్డు నుంచి తీగ హీల్డులు ఒక సంచెడు తెచ్చాను. ఖాజా మామ ఒకటి తీసి, కంటి అంచును బొటనవేలితో తడిమాడు.

"ఏమప్పా, ఇది గరుగ్గా ఉండాది. దీంట్లో టవాళ్లు నేసినట్టుండారు."

"అది నునుపే మామా. మీకు అలవాటు లేక అట్లనిపిస్తాంది."

"మీయత్తకు చెప్పినావా?"

"చెప్తే వద్దంటుంది కదా."

ఆయన దాన్ని తిరిగి సంచిలో పడేశాడు. ఉలి తీసుకుని వెళ్లిపోయాడు. బుద్ధున్నవాడైతే అక్కడే ఆగేవాడు. నేను కత్తెర తీసుకున్నాను.

అవును, పాతవాటిని విప్పి దాచలేదు. కత్తిరించాను. రెండు తరాలుగా పనిచేసిన ముడులు గంటలో నేలమీద కుప్పపడ్డాయి. పైగా ఆ కుప్ప పక్కన నిలబడి ఫోటో దిగి, 'మా ఇంట్లో ఆధునికీకరణ మొదలు' అని స్టేటస్ పెట్టాను. తర్వాత రెండు రోజులు కొక్కెంతో ఒక్కో పోగునూ ఇనుప కంట్లోంచి లాగాను. మెడ కొంగమెడలా సాగింది. మూడో రోజు పొద్దున పలక తొక్కాను. అది కదల్లేదు. ఇనుము బరువు. రెండు కాళ్లతో ఎగిరి తొక్కాను. కదిలింది. దాంతోపాటు పట్టుపోగులు కూడా పట్ పట్‌మని తెగడం మొదలైంది, పొయ్యిమీద పేలాల్లా. తెగనివాటికి పిల్లి గీరినట్టు నూగు లేచింది.

అంతలో ఫోను మోగింది. అత్త.

"నీ ఫోటో ఏందో ఈడ మాతో వచ్చిన పిల్ల చూపించింది. నీ కాళ్ల కాడ పడిండేది ఏందిరా?"

"పాత హీల్డులు అత్తా."

"విప్పినావా?"

"కత్తిరించినా."

 "వస్తాండా" అంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

సాయంత్రానికి వచ్చింది. మగ్గం చూసింది. నన్ను చూడలేదు. నేలమీది ముడులన్నీ ఏరి కొంగులో మూటగట్టుకుంది. ఆ ఏరడం చూస్తూ నిలబడ్డాను చూడండి, అంతకంటే పెద్ద శిక్ష ఏ స్టేషన్లోనూ వేయరు. తర్వాత నూలుకండె నా చేతిలో పెట్టి, "కూర్చో. ముడెయ్యి" అంది.

ఇనుపవి తీసేసి, తొమ్మిది రోజులు ఒక వైపు ఆమె, ఒక వైపు నేను కొత్త నూలుకన్నులు కట్టాం. తెగిన పోగులన్నీ ఆమె అతికింది. ఆమె వేసిన కన్నులన్నీ ఒకే ఎత్తున నిలిచాయి. నావి కొన్ని కుంగాయి. ఆ సంగతి మూరెడు నేశాక గానీ తెలియలేదు. నా వైపు పోగులు సరిగా లేవక, అంచు పక్కన సన్నటి వలలాంటి జాలీ గీత పడుతోంది. మళ్లీ విప్పడానికి రోజుల్లేవు. ఆ గీత చీర పొడవునా సాగింది.

పెళ్లికి ముందురోజు రెహానా చీర మడత విప్పి, గీత మీద వేలుపెట్టింది.

"ఇది కావాలనే నేసినావా అత్తా?"

అత్త నావైపు చూసింది. "వాణ్ణి అడుగమ్మా."

నిజం చెప్పాను. కత్తెరతో సహా. రెహానా చీర అంచును భుజం మీద వేసుకుని చూసుకుంది. ఖాజా మామ గడ్డం గోక్కున్నాడు. "పోనీలేన్నా, కట్టుకుంటా. అత్త చేత్తో నేసిండేది" అని ఆ పిల్ల అంటుంటే, నేలలోకి దిగిపోవాలనిపించింది.

పెళ్లిలో అందరికంటే వెనక, ఒక స్తంభం చాటున కూర్చున్నాను. పెళ్లికూతురి చుట్టూ ఆడవాళ్లు మూగి ఆ గీతను తడుముతున్నారు. కడప నుంచి వచ్చిన ఒకావిడ అత్తను అడగనే అడిగింది.

"ఈ జాలీ పని శానా బాగుండాది. మా పాపకూ ఇట్లాంటిదే నేసిస్తావా లక్షుమ్మా?"

అత్త తాంబూలం నములుతూ స్తంభం వైపు చెయ్యి చూపించింది.

"అది నేయాలంటే ఊరికే కాదమ్మా. ఫస్టు మావోడు ఇంకో మగ్గం చెడగొట్టాల."

ఆ నవ్వులు ఇంకా ఆగలేదు. అందుకే పదిమంది ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అడగకుండా ఎవరి మగ్గం మీదా చెయ్యి వేయను. వేయవలసి వస్తే, ముందు ఆ ఇంటి పెద్దావిడ ఊళ్లో ఉందో లేదో కనుక్కుంటాను. లేదంటే, ఆమె వచ్చేదాకా గడప బయటే కూర్చుంటాను.