అవ్వ ఏడుపు, సారు శోకగీతం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, కరీంనగర్ కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారుకు స్పానిష్ శోకగీతాలంటే మహా ఇష్టం. ఆయన దగ్గర ఒక పుస్తకం ఉండేది: ఎడమ పేజీలో స్పానిష్, కుడి పేజీలో దాని ఇంగ్లీషు అనువాదం. ఎడమ పేజీలో ఆయనకు ఒక్క ముక్క రాదు. అయినా ఆ పేజీ మీదే వేలు పెట్టి, కళ్లు మూసుకుని, "ఆహా!" అనేవాడు.

అందులో ఒక గీతాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాడు. గాడిదలు తోలి బతికిన తండ్రి పోతే కొడుకు ఏడ్చిన ఏడుపు అది. ఇంగ్లీషులో గాడిదలు గాడిదల్లాగే ఉన్నాయి, నేను చదివాను. సారు తెలుగులో మాత్రం ఆ ముసలాయన రథమెక్కాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నా మొహం మండ, అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

నేను పరీక్షల్లో ఉండగా హుస్నాబాద్ దగ్గర మా ఊళ్లో మా నాన్న, మా బాపు, పోయాడు. మగ్గం నేసే మనిషి. నాకు కడచూపు దక్కలేదు. పదోనాడు వచ్చి ఆ గీతం చదవమని సారును నేనే పిలిచాను. మా ఆడవాళ్ల ఏడుపంటే నాకప్పుడు నామోషీ. వాళ్లు ఊరికే ఏడవరు. పోయినాయన చేసినవీ అన్నవీ వరసగా చెప్పుకుంటూ రాగం తీస్తారు. మా ఇంట్లో పదోనాటితో ఆ ఏడుపు సరి, మళ్లీ ఎత్తుకోరు.

సారు గడప దాటేసరికి మా అమ్మ, మేం అవ్వ అంటాం, ఏడుస్తోంది. "పొద్దందాక మగ్గం గుంతల కూసుంటివి, నడుం పట్టినా లేవకపోతివి. పాణం పోంగ కొడుకేడని అడిగితివి, ఓ నా రాజా! వాడొస్తె గీ ఒక్క మాట జెప్పుమంటివి..."

"అవ్వా, ఊకో. సార్ వచ్చిండు," అన్నాను, భుజం పట్టుకుని.

అవ్వ ఊకుంది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

సారు "హా జనకా!" అని ఎత్తుకుని అరగంట చదివాడు. అన్నీ రథాలూ కిరీటాలే. "ఎవలు సచ్చిండ్రురా?" అని మేనత్త నా చెవిలో అడిగింది. అవ్వ మాత్రం అది మంత్రమనుకుంది. అర్థం కానిదంతా మాకు మంత్రమే కదా! అయిపోగానే తట్టలో బియ్యం, పప్పు, చింతపండు పెట్టి, మంత్రాలు చదివే అయ్యగారికిచ్చినట్టే ఆయన చేతికిచ్చి కాళ్లు మొక్కింది. ఆ మహానుభావుడు కాదనలేదు. దస్తీలో మూట కట్టుకుని బస్సెక్కాడు.

మర్నాడు అవ్వను అడిగాను. "బాపు నాకేం జెప్పుమన్నడే?"

"గా మాట ఏడ్సుకుంట అనేది బిడ్డా, మొకం జూసుకుంట చెప్పేది గాదు. నోటిదాంక వచ్చింది. నువ్వే ఊకోమంటివి."

ఏడవమని బతిమాలాను. పదోనాడు దాటాక ఏడిస్తే పోయినవాళ్లకు దారి దొరకదని ఆమె నమ్మకం. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ రాగం ఎత్తలేదు. సారు గీతం మాత్రం, నా ఖర్మ, ఇప్పటికీ మొత్తం నోటికొచ్చు.