వేటకెళ్లిన రోజు టీవీ

భర్త సముద్రం మీదికి వేటకెళ్లిన రోజుల్లో తవిటమ్మ టీవీ ఆపదు. చేపలకు ఉప్పు పట్టిస్తున్నా ఒక కన్ను తుఫాను పటం మీదే ఉంటుంది. ఆ వేళ ముసురు పడుతుండగా మరిది బాబీ సెట్‌టాప్ బాక్సు వైరు పీకేసి, తన కంప్యూటర్‌ని టీవీకి తగిలించాడు. తెర నిండా కార్ల పందెం ఆట మొదలైంది. "ఒరే బాబీ, వార్తలెట్టరా. మీ అన్న సముద్రం మీదున్నాడు." "బొమ్మ ఎంత పెద్దగొచ్చినాదో సూడొదినా! ఈ పందెం ఒక్కటీ అయిపోనీ."

తవిటమ్మ ఉప్పు చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. "గాలి తిరిగినాదిరా," అంది. ఆ గొంతు విని బాబీ ఆట వదిలేసి, తడబడుతూ వైరు మార్చాడు. అప్పటికే వార్తలు అయిపోయాయి. తెర మీద ఎవరో నవ్వుతూ సబ్బు అమ్ముతున్నారు. బాబీ అన్నకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. తవిటమ్మ రెప్ప వేయకుండా ఆ సబ్బునే చూస్తోంది.