పదహారో గుంజ

నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నల్లమల అంచున ఉన్న ఒక సబ్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. డీఈ అంటారు. కింద ఏఈలు ఎస్టిమేట్లు తయారుచేస్తారు. డీఈ వాటిని సరిచూసి పైనున్న ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు, అంటే ఈఈకి పంపుతాడు. పని పూర్తయ్యాక కొలతలను తానే దగ్గరుండి తనిఖీ చేసి, ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో సంతకం పెడతాడు. ఆ సంతకం పడితేనే కాంట్రాక్టరుకు బిల్లు.

నా చేతికొచ్చిన మొదటి పనుల్లో ఒకటి గుట్టల మీద ఒక ఊళ్లో చర్చి మరమ్మతు. ఊరి పేరు రాయను. మా చేతుల మీదుగా ఆ ఊరికి జరిగిన మేలు చాలు.

అది పూర్తిగా కట్టె కట్టడం. రెండు వరుసల్లో ఎనిమిదేసి చొప్పున పదహారు టేకు గుంజలు, గోడలకు టేకు పలకలు, పైన బెంగుళూరు పెంకు. నిజాం కాలంలో పదహారు కుటుంబాలవాళ్లు ఇంటికో మాను అడవిలోంచి భుజాల మీద మోసుకొచ్చి నిలబెట్టారట. అందుకే ఏ గుంజ ఏ ఇంటిదో ఈనాటికీ చెబుతారు. ఆ కుటుంబాల్లో చాలామంది క్రిస్మస్ కాగానే పుణె, బొంబాయి వైపు కూలికి పోతారు, వానలకు ముందు తిరిగొస్తారు. రాగానే ఎవరి గుంజ మొదలు వాళ్లు కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, కానుగ నూనె పట్టిస్తారు. ఆ పని కాకుండా ఎవరూ విత్తనం ముట్టరు. గుంజలను భూమిలో పాతలేదు. జానెడు ఎత్తు రాతి దిమ్మెల మీద నిలబెట్టారు, కాళ్ల చుట్టూ గాలి ఆడుతుంది.

నేను వెళ్లేసరికి రెండు గుంజలు కదులుతున్నాయి, పెంకు చాలాచోట్ల పగిలింది. మా ఏఈ ఒకామె, పని తెలిసిన మనిషి. ఊళ్లో వడ్రంగం చేసే వడ్ల బ్రహ్మయ్యను వెంటబెట్టుకొని గుంజ గుంజా తట్టి చూసి ఎస్టిమేట్ రాసింది. చెడిన రెండింటి కాళ్లు కోసి కొత్త టేకు అతకాలి, దిమ్మెలు సరిచేయాలి, పెంకు మార్చాలి. ఒకటిన్నర పేజీ. అంతకంటే అవసరం లేదు కూడా.

ఆ పేజీన్నర మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసింది నేనే. కారణం చెబితే ఇప్పటికీ నాకే ఒళ్లు మండుతుంది. మా శాఖలో ప్రతి పనికీ రేట్ల పుస్తకంలో ఒక ఐటం ఉండాలి. పాత గుంజకు కొత్త కాలు అతకడానికి ఐటం లేదు. లేని ఐటానికి కొత్త రేటు కట్టించాలంటే మూడు ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఆడిట్‌కు జవాబు చెప్పాలి. కాంక్రీటుకు మాత్రం కావలసినన్ని ఐటాలు. నేను కుర్చీలోంచి లేవకుండా తిరగరాశాను: పదహారు గుంజల మొదళ్ల చుట్టూ రెండడుగుల ఎత్తు కాంక్రీటు తొడుగు, కింద గచ్చు. ఈఈ అదే రోజు ఆమోదించాడు. ఏఈ ఒక్క మాట అన్నది, "సార్, కట్టె కదా" అని. "నీకు సర్వీసెంత, నాకెంత?" అన్నాను. ఆమె కాగితాలు తీసుకొని వెళ్లిపోయింది.

పని మొదలుపెట్టే ముందు ఊళ్లో పదిమందిని పిలిచి చెప్పాను. బ్రహ్మయ్య తల అడ్డంగా ఊపాడు. "కట్టె కాలు ఆరాలె సార్. సిమెంటు తొడిగితె లోపట నీళ్లు పట్టుకుంటది, బైటికి పోదు" అన్నాడు. రూతమ్మ అని అరవై దాటిన కూలి మనిషి, ఆమె మెల్లగానే అడిగింది: "గుంజ కాలు కనవడకపోతె మేం నూనె యాడ రాయాలె సార్?"

"ఇంక నూనె గీనె అక్కర్లేదమ్మా. ఇది పర్మనెంటు" అన్నాను.

ముప్పై ఏళ్ల సర్వీసులో నేను పలికిన మాటలన్నిటిలోకీ అంత తెలివితక్కువ మాట లేదు. బ్రహ్మయ్య తాతల నుంచి కట్టెతో బతికిన మనిషి. నేను చదివిన చదువులో కట్టె గురించి ఒక్క అధ్యాయం ఉండేది, దాన్నీ పరీక్షకు వదిలేశాను. అయినా నోరు నాది, కుర్చీ నాది.

పని పూర్తయిందని కబురొస్తే కొలతలకు వెళ్లాను. ఎండ మండిపోతోంది. తలుపు పక్కనున్న గుంజ తొడుగుకు టేపు పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, పదహారుతో గుణించి రాయించాను. లోపలికి పోలేదు. జీపు దగ్గరే ఎం-బుక్ తెప్పించుకొని సంతకం పెట్టి కొండ దిగాను. అందరం అలాగే చేసేవాళ్లం. ఇది సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. అందరం అలా చేయడమే అసలు దరిద్రం.

తర్వాత గద్వాలకు బదిలీ అయింది. అక్కడ మూడేళ్లకు పైగా పనిచేశాక, రిటైర్మెంటుకు ఐదు నెలల ముందు నన్ను నాణ్యతా తనిఖీ విభాగంలో వేశారు. పాలమూరు జిల్లాల్లో ఏ పాత కట్టడాన్నైనా కూల్చాలంటే ఆ విభాగం డీఈ చూసి, ఎందుకు పాడైందో, నిలబెట్టవచ్చో లేదో రాసివ్వాలి. అది లేకుండా కూల్చివేత ఉత్తర్వు రాదు. నేను చేరిన వారానికే వచ్చిన ఫైలు ఆ చర్చిదే. గుంజలన్నీ శిథిలమయ్యాయి, కూల్చి స్లాబు హాలు కట్టాలి అని ప్రతిపాదన.

నేను చేయించిన పని మీద నేనే తనిఖీకి పోవడం తప్పు. ఆ సంగతి పైకి రాయాల్సింది. రాయలేదు, నేనే పోయాను. చూడకుండా ఉండలేకపోయాను.

మేస్త్రీతో తలుపు పక్క తొడుగును ఒకవైపు పగలగొట్టించాను. లోపల గుంజ లేదు, తడిసిన పొట్టు ఉంది. చేత్తో తోడితే పిడికిలికి వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అలాగే ఒకవైపు పగలగొట్టించాను, అన్నీ అంతే. బ్రహ్మయ్య గుంజ మీద మోకాలి ఎత్తుకు పైన సుత్తితో కొట్టి చూపించాడు. అక్కడ కంగుమంటోంది. చెడింది రెండడుగులు మాత్రమే, నా కాంక్రీటు ఎంత ఎత్తుందో సరిగ్గా అంతే.

లెక్కపెట్టుకుంటూ పోతే పదిహేనుతో ఆగిపోయాను. ఎడమ వరుస చివర, మూలన ఉన్న గుంజకు తొడుగే లేదు. రాతి దిమ్మె మీద నల్లగా నిగనిగలాడుతోంది, గోరు కూడా దిగలేదు. పక్కనే రూతమ్మ నిలబడి ఉంది.

"దీనికి పొయ్యలేదా?" అన్నాను.

"పొయ్యనియ్యలే. మా తాత మోసిన గుంజ. ఒరుగుకోని కూసున్న గీడనే, పొద్దుగూకేదాంక. ఆళ్లే యాష్టకొచ్చి పోయిండ్రు."

"మరి నాకు చెప్పలేదేందమ్మా?"

"మీరు లోపటికొస్తె గద సార్, చెప్పేటందుకు."

ఎం-బుక్‌లో నా సంతకం కింద పదహారు అని ఉంది. లేని తొడుగును ఉన్నదని రాసి బిల్లు ఇప్పించిన మనిషిని నేను.

రూతమ్మ అక్కడితో వదల్లేదు. "కూలగొడితె మల్ల కట్టరు సార్. మా అసుంటోల్లకు ఎవడు కడ్తడు? మాకు స్లాబు వద్దు. గిదే కావాలె" అన్నది. కాళ్లు కోసి అతికితే రెండు ఎండకాలాల పని అని బ్రహ్మయ్య లెక్క చెప్పాడు. కట్టడాన్ని నిలబెట్టవచ్చు. అయితే ఆ మాటను కాగితం మీద రుజువు చేయాలంటే ఒకటే దారి. కాంక్రీటు పోసిన పదిహేను కుళ్లాయి, పోయనిది బాగుంది అని రాయాలి. అది రాస్తే నేను దొంగ కొలత రాసినట్టు నేనే ఒప్పుకున్నట్టు.

ఈఈకి నోటిమాటగా చెప్పాను. అప్పటి ఈఈ వేరు, ఈయన నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడే. కుర్చీ దగ్గరికి జరుపుకొని అన్నాడు: "పెద్దవారు మీరు. రిటైర్మెంటు ముందట మీకిది అవసరమా? చెదలు పట్టినయని రాయండి, అయిపోతది. ఊరికి కొత్త హాలొస్తది, మీ పెన్షనొస్తది."

చెదలు. ఒక్క మాటతో అందరం బయటపడతాం. మా శాఖలో ఎన్ని తప్పులు ఆ మాట కింద పూడ్చిపెట్టామో నాకు తెలుసు. అందులో కొన్ని నేను పూడ్చినవే. ఆ రోజు మాత్రం కోపం ఆగలేదు. ఆయన మీద కాదు, ఆయన సలహా నాకు ముందే తట్టినందుకు. చెదలైతే పదహారో గుంజను ఎందుకు వదిలాయి సార్ అని అడిగాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

నివేదిక నా చేత్తోనే రాశాను, నాలుగు పేజీలు. కాంక్రీటు తొడుగు ప్రతిపాదించింది నేను, అదే కారణం. పదహారో గుంజ సాక్ష్యం. ఎం-బుక్ కొలత అబద్ధం, సంతకం నాది. మోకాలి పైన కట్టె గట్టిగా ఉంది, కూల్చవద్దు.

మా శాఖ ఆ నాలుగు పేజీలను ఎంత ముచ్చటగా చదివిందో చెప్పాలి. దొంగ కొలత రాశానని ఒప్పుకున్న భాగానికి పదో రోజే ఛార్జి మెమో వచ్చింది. కాంక్రీటు వల్ల కుళ్లాయన్న భాగానికి "పరిశీలనలో ఉంది" అని రాశారు. ఈనాటికీ అది పరిశీలనలోనే ఉంది. మరమ్మతుకు పైసా రాలేదు. నా రిటైర్మెంటు కాగితాలు ఏడాది దాటాక గానీ కదల్లేదు, పెన్షన్‌లో కోతతో కదిలాయి. అది న్యాయమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

నా నివేదిక వల్ల కూల్చివేత ఉత్తర్వు మాత్రం ఆగింది. ఫైలు మూలన పడి ఉన్న ఆ రెండు ఎండకాలాల్లో ఊరివాళ్లే పని కానిచ్చుకున్నారు. కూలి నుంచి తిరిగొచ్చిన వాళ్లు ఎవరి గుంజ దగ్గర వాళ్లు మిగిలిన కాంక్రీటు పగలగొట్టారు, బ్రహ్మయ్య కాళ్లు అతికాడు. మొన్న వనపర్తి నుంచి వెళ్లి చూసొచ్చాను. నిలబడి ఉంది. రూతమ్మతో నూనె సంగతిలో నీ మాటే నిజమైందమ్మా అన్నాను, కొంచెం మెచ్చుకుంటుందని ఆశపడి. "నాకు తెల్సు సార్. గప్పుడే చెప్పిన" అని తన పనిలో తాను పడిపోయింది.

ఈ పనితో నాకు తెలిసిన సంగతులు రెండు. చూడని దానికి సంతకం పెట్టకూడదు. ఒక కట్టడాన్ని కాపాడుకుంటూ వస్తున్న మనుషులను అడగకుండా దాని మీద చెయ్యి వేయకూడదు. నేను రెండు తప్పులూ చేశాను. మొదటి తప్పు వల్ల ఒక్క గుంజ కూడా చెడలేదు, దానికి శిక్ష పడింది. పదిహేను గుంజలను కుళ్లబెట్టింది రెండోది. దాన్ని తప్పు అనే నిబంధన ఏదీ మా శాఖ పుస్తకాల్లో నాకు దొరకలేదు.