వెనక గది వాటా

ముందు గదిలో కుట్టుమిషను, నడిమి గదిలో పొయ్యి, దాని పక్కనే ఆమె మడత మంచం, వెనక గదిలో ఎవరూ పడుకోని పెద్ద మంచం. బొత్తాలక్క ఇల్లంటే ఇంతే. ఆసుపత్రి ఆయాలకు యూనిఫాంలు కుట్టే ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె వేసిన బొత్తాం ఊడాలంటే గుడ్డ చిరగాల్సిందే తప్ప దారం తెగదని వీధంతా చెప్పుకుంటుంది.

పన్ను కాగితాలు చూసే లెక్కల తమ్ముడు మొదటిసారి వచ్చినప్పుడు, ఆమె ఒక సంచీ తెచ్చి అతని ముందు బోర్లించింది. అన్నీ నలిగిన బిల్లులే. అతను తల పట్టుకున్నాడు. తర్వాత చిలక్కి చెప్పినట్టు చెప్పాడు: నెలకో కవరు పెట్టుకో, కుట్టుడబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరువు, సూదీ దారం దగ్గర్నుంచి మిషను రిపేరు దాకా ఏ బిల్లూ పారేయకు. ఆమె అన్నీ తు.చ. తప్పకుండా చేసింది. ఎవరైనా ఇంటికొచ్చి తన మంచికోసం నాలుగు మాటలు చెప్పడమే ఆమెకు అపురూపం మరి.

ఈసారి అతను లెక్కల సంవత్సరం ముగియడానికి రెండు వారాల ముందే వచ్చాడు.

“అక్కా, ఆసుపత్రివాళ్లు వచ్చే ఏడు రెట్టింపు పనిస్తారన్నావు కదా. పన్ను కూడా అట్లాగే పడుతుంది. పూర్తిగా పనికే వాడే గది ఉంటే అద్దెలో, కరెంటులో దాని వాటా ఖర్చు కింద రాసుకోవచ్చు. ముందు గది రాస్తూనే ఉన్నాం. వెనక గది మాటేంటి?”

“అది మా చెల్లెలిది.”

“వెళ్లి తొమ్మిదేళ్లయింది కదక్కా.”

“వస్తే ఎక్కడ పడుకుంటుంది?”

అతను వెనక గదిలోకి ఒకసారి తొంగిచూసి వచ్చాడు. “ఊరికే రాసేయమంటే నేను రాయను. మంచం తీసి, బల్ల వేసి, నిజంగా అక్కడే గుడ్డ కత్తిరించాలి. ఒకటో తారీఖులోపు మారిస్తే ఏడాదంతా కలిసొస్తుంది. నేల మీద వంగి కత్తిరించే బాధ కూడా తప్పుతుంది నీకు.”

చెల్లెలూ ఒకప్పుడు ఇక్కడే కుట్టేది. తను వేసిన ప్రతి కుట్టునూ అక్క విప్పి చూస్తుంటే భరించలేక, పోట్లాడి, వేరే ఊళ్లో కొలువు చూసుకుంది. తప్పు తనదేనని బొత్తాలక్కకు తెలుసు. ఆ ఒక్క మాటా ఇన్నేళ్లలో ఆమె నోరు దాటలేదు. దానికి బదులు ఆదివారం ఆదివారం ఆ మంచం మీద దుప్పటి మారుస్తుంది. తన మడత మంచం దుప్పటికి నెలైనా దిక్కుండదు. పిచ్చి కాకపోతే ఏమిటంటారా? అనండి. మీ ఇంట్లో నలుగురుంటే అలాగే అంటారు.

మర్నాడు పొద్దున్నే ఫోను చేసింది. గది మార్చే ముందు అడగడం ధర్మమని తనకు తాను చెప్పుకుంది. వద్దక్కా, ఉంచు అని చెల్లెలు అంటే చాలు, పన్ను ఎంతైనా సంతోషంగా కట్టేస్తుంది.

“ఏ గది?” అంది చెల్లెలు.

“నీ గదే. వెనకది.”

“ఇంకా అలాగే ఉంచావా? నేను వచ్చేసిన నెలకే అందులో బల్ల వేసుంటావనుకున్నా. దానికి నన్నడగడమెందుకక్కా? మంచం ఎవరికైనా ఇచ్చెయ్.”

గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

“ఒకటో తారీఖులోపు మార్చాలంట. అందుకని అడిగా.”

“మంచిదే కదా. డ్యూటీకి టైమైంది, ఉంటా.”

బొత్తాలక్క మిషను ముందు కూర్చుని ఏడ్చింది. తర్వాత లేచి దుప్పటి తీసింది, పరుపు చుట్టింది, మంచాన్ని గుమ్మం దాకా ఈడ్చింది. అక్కడ అది అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. పక్కిళ్లవాళ్లు పనులకు పోయారు. ఎవర్ని పిలవాలా అని చాలాసేపు ఆలోచించింది. ఫోనులో ఉన్న నంబర్లన్నీ యూనిఫాంలవాళ్లవే.

చివరికి లెక్కల తమ్ముడికి చేసింది.

“తమ్ముడూ, గది రాసుకో,” అంది. ఇరుక్కున్న మంచం వైపు చూస్తూ, “మంచం ఆ కొస పట్టుకోడానికి ఎవరూ లేరు. ఒకసారి వస్తావా?”