ఎస్టేట్ పిల్లల దరఖాస్తులు ఎక్కడికి పోయాయి

మా పెద్దమ్మ బడిలో టీచరుగా రిటైరైంది. ఇప్పుడు కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఒక బట్టల కొట్టు పైనున్న గదిలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతుంది. ఆ గదీ, క్లాసు వెబ్‌సైటూ మా తెలుగు సంఘానివి. నేను ఒక రవాణా కంపెనీలో మెయిల్ సర్వర్లు చూస్తాను.

ఒక ఆదివారం పెద్దమ్మను తీసుకెళ్దామని వెళ్ళాను. క్లాసు అయిపోయే వేళకు బటాంగ్ బెర్జుంటై నుంచి ఒకావిడ వచ్చింది. పామాయిల్ ఎస్టేట్‌లో పుట్టి పెరిగిన మనిషి. చెప్పులు విప్పి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

“మా పిల్లని సేర్చుకోమని మీ వెబ్‌సైట్‌లో మూడుసార్లు ఫారం నింపినాను టీచర్. ఒక్క జవాబు నేదు. పట్నం పిల్లలకి సీట్లు ఇచ్చేసినారంట. మేం ఎస్టేట్ వోళ్ళమనేనా?”

“నాకు ఏటీ రాలేదమ్మా,” అంది పెద్దమ్మ.

“అందరూ అదే సెప్తారులే,” అని ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డును మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. రెండు నెలల ముందు ఆమె “ఈసారి దరఖాస్తులు తక్కువొచ్చినాయి, మెయిల్ సరిగ్గా ఉందో లేదో చూడు” అని నన్నే అడిగింది. నేను ఫోన్‌లోంచి ఒక మెయిల్ పంపి, అది చేరగానే “బాగానే ఉంది” అనేశాను.

మర్నాడు సంఘం వెబ్‌సైట్‌ను నడిపే హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేశాను.

“మా వైపు ఏ తప్పూ లేదు మేడమ్. టెస్ట్ మెయిల్ చేరింది,” అన్నాడు అక్కడి ఉద్యోగి.

“ఎక్కడి నుంచి పంపారు? వెబ్‌సైట్ ఫారంలోంచా?”

“కాదు. మీరు అలా అడగలేదు కదా.”

అడగలేదట. ఫోన్ పెట్టేసిన పావుగంటకే నా ఫిర్యాదును మూసేశారు. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ మూసేశారు. చివరికి సంఘం అధ్యక్షుడి దగ్గర పాస్‌వర్డ్ తీసుకుని, సర్వర్ సెట్టింగులుండే కంట్రోల్ ప్యానెల్ నేనే తెరిచాను.

పోయిన ఏడాది సంఘం మెయిల్‌ను వేరే సర్వర్‌కు మార్చింది ఈ కంపెనీవాళ్ళే. బయటివాళ్ళు పంపే మెయిళ్ళు కొత్త చోటికి చక్కగా వెళ్తున్నాయి. వెబ్‌సైట్ మాత్రం పాత సర్వర్ మీదే ఉంది. అక్కడ మెయిల్ ఎటు పోవాలో చెప్పే రూటింగ్ సెట్టింగులో మా సంఘం డొమైన్ పేరు ఎదురుగా ఇంకా ‘లోకల్’ అనే ఉంది. దాంతో ఆ సర్వర్ మా మెయిల్ తన దగ్గరే ఉందనుకుని, ఫారంలోంచి వచ్చిన ప్రతి దరఖాస్తునూ ఎవరూ తెరవని పాత పెట్టెలో వేసుకుంటోంది. మెయిల్ మార్చిన రోజే దాన్ని ‘రిమోట్’, అంటే మెయిల్ వేరేచోట ఉంది, అని పెట్టాల్సింది. పెట్టకుండానే పని పూర్తయిందని రాసి పంపారు.

దాన్ని సరిచేయడానికి నాకు అర నిమిషం పట్టింది. ఫారం నింపి చూస్తే పెద్దమ్మకు మెయిల్ చేరింది. తర్వాత పాత పెట్టె తెరిచాను. అందులో ముప్పై ఒక్క దరఖాస్తులు ఉన్నాయి. కౌలాలంపూర్ వాళ్ళు పెద్దమ్మకు ఫోన్ చేసి పిల్లల్ని చేర్పించారు. ఆమె నంబరు తెలియనివాళ్ళే ఫారం నింపారు. వాళ్ళలో ఎక్కువమంది ఎస్టేట్లవాళ్ళే. బటాంగ్ బెర్జుంటై ఆవిడవి మూడూ ఉన్నాయి. మూడోదాంట్లో మలయ్ భాషలో రాసింది: మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం రాదు, దయచేసి చేర్చుకోండి.

అధ్యక్షుడికి చూపించాను. “ఇప్పుడిది బయటపెడితే సంఘానికి చెడ్డపేరు. వచ్చే ఏడాది చూద్దాంలే,” అన్నాడు.

“చెడ్డపేరు వచ్చేసింది. అది పెద్దమ్మ మోస్తోంది. తప్పు కంపెనీదని అందరికీ చెప్పాలి,” అన్నాను.

పెద్దమ్మ మా ఇద్దరి మాటా వినలేదు. జాబితా తీసుకుని నాలుగు రోజులు ఫోన్ల మీదే కూర్చుంది. “తప్పు మాదేనమ్మా, మీ ఫారం మాకు అందలేదు,” అని ఒక్కొక్కరికీ చెప్పింది. కొందరు ఫోన్ ఎత్తలేదు. కొందరు పిల్లల్ని అప్పటికే వేరే ట్యూషన్లలో వేసేశారు. బటాంగ్ బెర్జుంటై ఆవిడ మాత్రం, “సరే టీచర్, ఏ టైముకి తీసుకురమ్మంటారు?” అంది.

వాళ్ళకోసం శనివారం పెట్టిన కొత్త క్లాసుకు మొదటి రోజు పదకొండుమంది పిల్లలు వచ్చారు. పెద్దమ్మకు అది చాలు. నాకు చాలలేదు. అదే రోజు హోస్టింగ్ కంపెనీ నుంచి, సమస్య పరిష్కారమైంది, మా సేవకు మార్కులు వేయండి అని మెయిల్ వచ్చింది. నేను ఆ వారంలోనే వెబ్‌సైట్‌ను వేరేచోటికి మార్పించాను. మార్చిన రోజు వెబ్‌సైట్ ఫారంలోంచి ఒక మెయిలూ, బయటి నుంచి ఒక మెయిలూ పంపి, రెండూ చేరాకే కుర్చీలోంచి లేచాను.