మిగిల్చిన మూల

మా పుంగనూరులో ఖబరస్తాన్ ఎదురుగా నాది పంక్చర్ షాపు. అక్కడ గోతులు తవ్వే ముక్తియార్ రోజూ వచ్చి నా దగ్గర కూర్చునేవాడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. తవ్విన గొయ్యిని ఖాళీగా ఉంచకూడదని అతని పట్టు. గొయ్యి సిద్ధమైందంటే శవం రావాల్సిందే. బంధువులు దూరం నుంచి వస్తున్నారు, కాస్త ఆగమని ఎవరు బతిమాలినా వినేవాడు కాదు. దీని మీద మేమిద్దరం ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో.

మొన్న వేసవిలో అతని భార్య సబా మదనపల్లె ఆస్పత్రిలో చనిపోయింది. తెల్లారేసరికి ఇంటికి తెచ్చారు. ఒక్కతే కూతురు మరియం, కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. వెళ్లి మూడేళ్లయింది. ఇంటి యజమాని పాస్‌పోర్టు ఇస్తానన్నాడని, పొద్దుటి విమానానికే వస్తున్నానని, అమ్మ మొహం చూసేదాకా ఆగమని ఫోన్‌లో ఏడ్చింది. ఆ తర్వాత ఆమె ఫోన్ మూగబోయింది. విమానం ఎక్కేసిందనుకున్నాం.

మధ్యాహ్నం నమాజుకే కానిద్దామన్నారు పెద్దలు. ముక్తియార్ ఇంకెవరినీ పార ముట్టనివ్వకుండా తనే దిగి తవ్వడం మొదలుపెట్టాడు. కంట తడి లేదు. ఎవరి గొయ్యో తవ్వుతున్నట్టే ఉన్నాడు.

నేను గట్టున కూర్చుని ఫోన్‌లో ఆ విమానం జాడ చూస్తున్నాను. కువైట్ నుంచి బెంగుళూరుకు దాదాపు మూడున్నర వేల కిలోమీటర్లట, ఐదు గంటల లోపే ప్రయాణమట. అదే ముక్తియార్‌కు చెప్పాను.

“కుప్పానికి బస్సులో పోయొచ్చినంత సేపే గదప్పా,” అన్నాడు.

మామూలుగా ఒక్క పూటలో ముగించే మనిషి, ఆ రోజు చెక్కిన గోడనే మళ్లీ మళ్లీ చెక్కాడు. కాళ్ల వైపు మూలలో గంపెడు మన్ను మాత్రం ముట్టుకోలేదు. నమాజు వేళ దాటిపోయింది. పెద్దలు వచ్చారు, ఆ మూలను చూసి వెనక్కి వెళ్లిపోయారు. గొయ్యి పూర్తి కాకుండా శవాన్ని తెమ్మని అతనికి చెప్పేదెవరు? ఓరి మొండోడా, ఇన్నాళ్లకు నీక్కూడా ఆగాల్సి వచ్చిందా అనుకున్నాను. నాకే ఏడుపొచ్చింది.

“యాడుండాది?” అని తలెత్తకుండా అడిగేవాడు అప్పుడప్పుడు.

“సముద్రం మీద వస్తాండాది,” అన్నాను. ఇంకాసేపటికి మన దేశం మీదికి వచ్చిందన్నాను. చివరికి, “దిగిందప్పా,” అన్నాను. ఆ మాట చెబుతుంటే నేనే దాన్ని మోసుకొచ్చి దించినంత సంబరపడ్డాను.

కొంతసేపటికి అతని తమ్ముడు మోసిన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. మరియం అసలు విమానమే ఎక్కలేదు. యజమాని పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఏడుస్తోందని ఫోన్ కూడా లాక్కుని, ఇప్పుడు ఇచ్చాడట. కువైట్‌లో ఆ ఇంట్లోనే ఉంది. పొద్దుటి నుంచి నేను ఊరూపేరూ తెలియనివాళ్ల ప్రయాణం చూసి అతనికి చెబుతూ వచ్చాను. నా ఫోన్‌ను నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది.

మరియం లైన్‌లోనే ఉందని మోసిన్ ఫోన్ అందించబోయాడు. ముక్తియార్ తీసుకోలేదు. చేతులకు మన్నుందన్నాడు. గడ్డపార అందుకుని నాలుగు పోట్లలో ఆ మూల తీసేశాడు. మన్ను గంపకెత్తి పైకి అందించి, తనూ ఎక్కి వచ్చాడు.

“అయిపోయింది మోసినూ. మీ వదినను తీసుకరాపో,” అన్నాడు.